ఉద్దానానికి డాక్టర్లు రారా?

"ఉద్దానానికి డాక్టర్లు రారు" అనే మాట శ్రీకాకుళం జిల్లాలో ఇవాళ సామెత అయిపోయింది. అధికారులు అంటారు, నాయకులు అంటారు, పలాస రైల్వేస్టేషను ఎదుట టీ తాగే పెద్దమనుషులూ అంటారు. ఎందుకు రారు అని అడిగితే జవాబు కూడా సిద్ధంగా వుంటుంది: ఈ కాలపు కుర్రాళ్ళకు సేవాభావం లేదు, విశాఖపట్నంలో సినిమాలూ షికార్లూ వదులుకుని కొబ్బరితోటల మధ్య వుండటం వాళ్ళకు ఇష్టం లేదు, ప్రభుత్వం కోట్లు పోసి భవనాలు కట్టినా వాళ్ళ మనసు కరగదు. ఈ జవాబులో గొప్ప సౌకర్యం ఒకటి వుంది. దోషమంతా పాతికేళ్ళ పిల్లల మీదికి పోతుంది. మిగిలిన వాళ్ళు చేతులు దులుపుకుని ఇంటికి పోవచ్చు.

ఈ వాదం డొల్లదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. డాక్టరు పల్లెకు వస్తాడా రాడా అన్నది అతను పట్టా పుచ్చుకున్న రోజున తేలే విషయం కాదు. అది అతను శిక్షణలో వున్న ఏళ్ళలోనే చాలావరకు తేలిపోతుంది. ఆ ఏళ్ళలో అతను ఎక్కడ పడుకున్నాడు, ఏమి తిన్నాడు, వారానికి ఎన్ని గంటలు పనిచేశాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎవరి చేత తిట్లు తిన్నాడు అన్న భౌతిక విషయాలు తెలుసుకోకుండా అతని సేవాభావాన్ని తూచబూనడం శుద్ధ భావవాదం.

నేను వైద్యుణ్ని కాను. ఈ జిల్లాలో చాలాకాలంగా పాఠాలు చెప్పుకుని బతుకుతున్న వాణ్ని. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు వైద్యవిద్యలో చేరారు. శ్రీకాకుళంలో నేను వుండే వీధిలోనే హవుస్ సర్జన్లూ పి.జి. విద్యార్థులూ గదులు అద్దెకు తీసుకుని వున్నారు. సెలవు దొరికిన పూట వాళ్ళు వచ్చి కూర్చుని చెప్పిన సంగతులు విన్నాను. వాటిలో ఏది ఏ ఆసుపత్రిలో జరిగింది, ఏ ప్రొఫెసరు ఏమన్నాడు అన్నది నేను రాయబోవడం లేదు. ఒక్కచోట జరిగితే దాన్ని ఒక మనిషి తప్పు అనుకోవచ్చు. వేర్వేరు కాలేజీల్లో చదివిన పిల్లలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే కథ చెబుతున్నప్పుడు దాన్ని వ్యవస్థ అనే అనాలి.

ముందు ఉద్దానం సంగతి చూద్దాం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు: ఈ ఏడు మండలాల కోస్తా భూమిని ఉద్దానం అంటాం. ఉద్యానం అన్న మాటే జనం నోట ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస పండే నేల. అలాంటి నేల మీద రెండు దశాబ్దాలకు పైగా మూత్రపిండాల వ్యాధి మనుషుల్ని తింటున్నది. మధుమేహం లేని వాళ్ళకు వస్తున్నది. రక్తపోటు లేని వాళ్ళకు వస్తున్నది. పొలంలో, తోటలో వొళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు వస్తున్నది. 2018లో టి. రవిరాజు బృందం ప్రచురించిన అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి పైగా దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి వుందని తేలింది. వాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆ వ్యాధికి మామూలుగా చెప్పే కారణాలేవీ కనిపించలేదు. తాగే నీళ్ళా, ఎండలో చేసే చాకిరీయా, నొప్పులకు మింగే మాత్రలా, పురుగుమందులా, ఇవన్నీ కలిసా అన్నది ఇప్పటికీ తెగలేదు. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్నే కూల్చింది. చెట్టు పోయిన రైతుకు ఆదాయం పోయింది, కూలివాడికి కూలి పోయింది. రోగం మాత్రం పోలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. జనం ఏళ్ళతరబడి మొత్తుకున్న మీదట కొన్ని పనులు జరిగాయి. సోంపేట, పలాస, టెక్కలి వంటి చోట్ల డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలిసిస్ మీద బతికే రోగుల పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలయింది. పలాసలో 200 పడకల ఆసుపత్రికీ కిడ్నీ పరిశోధన కేంద్రానికీ 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగి, 2023 డిసెంబరు 14న ప్రారంభోత్సవం జరిగింది. అదే రోజున హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా ప్రారంభించారు. ఇవి ఎవరి దానాలూ కావు. చచ్చిపోయినవాళ్ళ పేరిట బతికున్నవాళ్ళు తెచ్చుకున్నవి. వీటిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

కాని గోడలూ పడకలూ యంత్రాలూ రోగం కుదర్చవు. డయాలిసిస్ యంత్రం వారానికి రెండుసార్లో మూడుసార్లో, ఒక్కొక్కసారి నాలుగు గంటలపాటు రోగి రక్తాన్ని కడుగుతుంది. మధ్యలో రక్తపోటు పడిపోతే చూసుకునే మనిషి కావాలి. అర్ధరాత్రి వూపిరాడక వచ్చిన రోగికి నీరు పట్టిందో, పొటాషియం పెరిగిందో, గుండె దెబ్బతిన్నదో పోల్చుకునే మనిషి కావాలి. మన దేశంలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఏది చూసినా ఆ మనిషి ఎవరు? ప్రొఫెసరు కాదు. ఆయన పొద్దున్న రవుండ్సుకు వచ్చి పోతాడు. రాత్రంతా రోగి పక్కన వుండేది శిక్షణలో వున్న కుర్ర డాక్టరు. నాలుగున్నర సంవత్సరాల చదువు ముగించి ఒక సంవత్సరం పాటు అన్ని వార్డులూ తిరిగే హవుస్ సర్జనూ, మూడేళ్ళ పై చదువుకు వచ్చిన పి.జి. విద్యార్థీ, వీళ్ళిద్దరి భుజాల మీదే ఆసుపత్రి నడుస్తుంది. వాళ్ళను విద్యార్థులని పిలుస్తూనే వాళ్ళ చేత ఉద్యోగుల పని చేయిస్తారు. జీతం అడిగితే విద్యార్థులు కదా అంటారు. సెలవు అడిగితే డాక్టర్లు కదా అంటారు.

ఈ జిల్లాలో వాళ్ళ బతుకు ఎలా వుంటుందో చూద్దాం. శ్రీకాకుళం పల్లెటూరు కాదు, మహానగరమూ కాదు. 2015లో నగరపాలక సంస్థ అయింది కాని రైలెక్కాలంటే ఇప్పటికీ ఆమదాలవలస పోవాలి. 2008లో రిమ్స్ పేరుతో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. రాగోలులో ఒక ప్రైవేటు వైద్య కళాశాల వుంది. రాయలసీమ నుంచీ, గుంటూరు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ పిల్లలు వస్తారు. వూళ్ళో గది కోసం తిరిగితే మొదటి ప్రశ్న, "పెళ్ళయిందా?" అని. కాలేదంటే సగం తలుపులు మూసుకుంటాయి. రెండవ ప్రశ్న, "మీరేటోళ్ళు బాబూ?" అని. దానికి జవాబు చెప్పాక మిగిలిన తలుపుల్లో కొన్ని మూసుకుంటాయి. రేపు వొంట్లో బాగాలేకపోతే నాడి పట్టుకోమని చెయ్యి చాచేది ఈ మనిషి ముందే. అయినా ఇవాళ గది ఇవ్వడానికి అతని కులం కావాలి. దళిత విద్యార్థి ఒకడు మూడు వీధులు తిరిగి చివరికి ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్ల దూరంలో గది చూసుకున్నాడు. రాత్రి డ్యూటీకి అతను నడిచి వెళ్ళే దారిలో కుక్కలు తప్ప తోడు లేదు. ఇది రాజ్యాంగం వచ్చిన డెబ్భై అయిదేళ్ళ తర్వాతి సంగతి.

గది దొరికింది సరే, దానిలో వుండేదెప్పుడు? పొద్దున్న ఏడింటికి రక్తం తీయడంతో పని మొదలవుతుంది. కేసుషీట్లు రాయాలి. రిపోర్టుల కోసం లాబుకు తిరగాలి. వార్డుబాయి లేకపోతే ట్రాలీ తొయ్యాలి. రోగిని ఎక్స్‌రేకు తీసుకుపోయి తిరిగి తేవాలి. ఇందులో నేర్చుకునేది ఎంత, ఖాళీగా వున్న ఉద్యోగాల్ని భర్తీ చెయ్యకుండా ప్రభుత్వం మిగుల్చుకునే డబ్బు ఎంత? టెక్నీషియను ఉద్యోగం ఖాళీ అయితే ఆ పని హవుస్ సర్జను చేస్తాడు. నర్సుల కొరత వస్తే ఆ పనిలో కొంత హవుస్ సర్జనుకు చేరుతుంది. శిక్షణ అనే మర్యాదగల పేరు కింద జరుగుతున్న ఈ పనిని అర్థశాస్త్రంలో చవక శ్రమ అంటారు.

గంటల విషయంలో మన దేశంలో నియమాలు లేక కాదు. 1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ రెసిడెంటు డాక్టర్ల పని మామూలుగా ఒక విడతకు 12 గంటలు మించకూడదనీ, వారానికి 48 గంటలనీ చెప్పింది. 2023 నాటి పి.జి. వైద్యవిద్యా నిబంధనలకు వచ్చేసరికి ఆ అంకెలు మాయమై, "సహేతుకమైన" పనిగంటలు, "సహేతుకమైన" విశ్రాంతి అనే మాటలు వచ్చాయి. సహేతుకం అంటే ఎంత? ఎవరి హేతువు ప్రకారం? 2024లో జాతీయ వైద్య కమిషను నియమించిన కార్యదళమే వారానికి 74 గంటలు మించనివ్వవద్దనీ, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనీ సిఫారసు చేసింది. 48 గంటల నుంచి 74 గంటలకు ఎదగడానికి మనకు ముప్ఫైరెండేళ్ళు పట్టింది. ప్రపంచ కార్మికవర్గం ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రాణాలిచ్చిన సంగతి ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర లేదు. ఆ ఎనిమిది గంటలు జీడిపిక్కలు వొలిచే పలాస ఆడకూలీకీ దక్కలేదు, ఆమెకు సూది వేసే డాక్టరుకూ దక్కలేదు.

ఇక డబ్బు సంగతి. 2022లో రాష్ట్రంలోని జూనియర్ డాక్టర్లు ఆందోళన చేస్తే హవుస్ సర్జను స్టైపెండును 19,589 రూపాయల నుంచి 22,527 రూపాయలకు పెంచారు. ఆ అంకెను వారానికి 74 గంటల లెక్కన భాగించి చూడండి. గంటకు 70 రూపాయలు పడుతుంది. అదీ నెలనెలా చేతికి వస్తే. మూడు నెలలది ఒక్కసారి ఇచ్చిన సందర్భాలు నా దగ్గరికి వచ్చే పిల్లలకు కొత్త కాదు. ఇంటి యజమాని అద్దె మాత్రం ఒకటో తారీఖున అడుగుతాడు. తండ్రి కౌలురైతు అయిన పిల్లవాడు, డాక్టరయిన తర్వాత కూడా, మెస్సు బిల్లుకు ఇంటికి ఫోను చేస్తాడు. వాళ్ళ వూళ్ళో అతను డాక్టరు. ఆ వూరు అతనికి పంపుతున్నది అప్పు తెచ్చిన డబ్బు.

ఈ బతుకు మనసును ఏం చేస్తుందో ఆ కార్యదళం సేకరించిన లెక్కలే చెబుతున్నాయి. దాని సర్వేలో పాల్గొన్న పి.జి. విద్యార్థుల్లో నూటికి 31 మంది తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. వీళ్ళు ఇంకొకరి ప్రాణం కాపాడటానికి తయారవుతున్న వాళ్ళు! ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో రాత్రి డ్యూటీలో వున్న పి.జి. వైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. సుదీర్ఘమైన డ్యూటీలో కాసేపు నడుం వాల్చడానికి ఆమెకు దొరికిన చోటు సెమినారు హాలు. ఆ వారం మా వీధి ఆడపిల్లలు కూడా తలుపు గొళ్ళెం పడే డ్యూటీ గది కావాలని అడిగారు. "రాత్రిపూట జాగ్రత్తగా వుండండమ్మా" అన్న సలహా దొరికింది. గొళ్ళెం ఖరీదు ఎంత వుంటుంది?

పెద్ద డాక్టర్లు కొందరు దీనికి ఒక జవాబు చెబుతారు. "మేమూ ఇలాగే కష్టపడ్డాం. నిద్ర లేకుండానే నేర్చుకున్నాం. కష్టపడితేనే డాక్టరవుతాడు" అంటారు. అత్తగారు తాను పడ్డ ఆరళ్ళను కోడలికి పెట్టడానికి చెప్పే సమర్థన ఇదే. ఇందులో డాక్టరు కష్టం సంగతి అటుంచి, రోగి సంగతి చూడండి. 1984లో న్యూయార్కులో లిబ్బీ జయన్ అనే పద్ధెనిమిదేళ్ళ అమ్మాయి, శిక్షణలో వున్న డాక్టర్ల చేతుల్లో, ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. ఆమె తండ్రి పాత్రికేయుడు కనక గొడవ చేశాడు. నిద్ర లేని డాక్టరు చేతిలో రోగిని పెట్టడం న్యాయమా అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్ళింది. చివరికి 1989లో న్యూయార్కు రాష్ట్రం శిక్షణ వైద్యుల పనికి వారానికి 80 గంటల హద్దు పెట్టింది. ధనిక దేశంలో కూడా ఒక తండ్రి పోరాడితే గాని ఆ హద్దు రాలేదు. ఉద్దానంలో చనిపోయే మనిషి కూతురు పత్రికల్లో రాయదు. ఆమె "మా అయ్య కరమ అలాగుంది" అనుకుని శవాన్ని ఆటోలో వేసుకుని పోతుంది. అంతమాత్రాన ఆ చావుకు నిద్ర లేని కళ్ళతో సంబంధం లేదని ఎవరు చెప్పగలరు?

ఇంకొక రకం వాదన మన సాహిత్యకారుల నుంచీ సినిమా వాళ్ళ నుంచీ వస్తుంది. వాళ్ళకు డాక్టరు అంటే రెండే బొమ్మలు. ఒకటి త్యాగమూర్తి, రెండవది డబ్బు రాక్షసుడు. కోడూరి కౌసల్యాదేవి "చక్రభ్రమణం" నవల ఆధారంగా 1964లో వచ్చిన "డాక్టర్ చక్రవర్తి" సినిమాను మా తరం వాళ్ళు కళ్ళనీళ్ళతో చూశారు. ఆ తర్వాత మన కథల్లో ఎందరో డాక్టర్లు ప్రేమించారు, త్యాగం చేశారు, అపార్థాలకు గురయ్యారు. వాళ్ళలో ఎంతమంది స్టైపెండు కోసం క్యూలో నిలబడ్డారు? ఎంతమంది గది దొరక్క తిరిగారు? వైద్యుణ్ని దేవుడని పొగడే సాహిత్యం అతన్ని పనిచేసే మనిషిగా చూడటానికి నిరాకరిస్తున్నది. దేవుడికి జీతం అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. దేవుడు మొక్కు తీర్చకపోతే మాత్రం జనం అతని మీద రాళ్ళు వేస్తారు. ఆసుపత్రుల్లో డాక్టర్ల మీద దాడుల్ని అరికట్టడానికి మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. దాడులు ఆగలేదు. మందు లేకపోవడానికీ, పడక లేకపోవడానికీ బాధ్యుడైన మంత్రి రోగి బంధువుకు ఎదుట కనపడడు. ఎదుట కనపడేది కుర్ర డాక్టరు.

దీనికి పూర్తిగా భిన్నమైన నవల ఒకటి చెబుతాను. ఎ.జె. క్రోనిన్ 1937లో రాసిన "సిటడెల్". అందులో యువ వైద్యుడు వేల్సు బొగ్గుగనుల వూళ్ళకు వెళతాడు. గని కార్మికుల వూపిరితిత్తుల్లో చేరే దుమ్మును గురించి పరిశోధన చేస్తాడు. తర్వాత అదే మనిషి లండనులో ధనికుల వైద్యానికి లొంగిపోతాడు. ఒకే మనిషి రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తించాడు? అతని సేవాభావం రైలెక్కి ఎక్కడికైనా పోయిందా? పరిస్థితులు అతన్ని ఒకచోట పరిశోధకుణ్ని చేశాయి, ఇంకొకచోట వర్తకుణ్ని చేశాయి. క్రోనిన్ స్వయంగా వేల్సులోని ట్రెడెగారు గనివూళ్ళో, కార్మికులు చందాలు వేసుకుని నడుపుకున్న వైద్య సహాయ సంఘంలో పనిచేశాడు. ఆ వూరివాడైన అన్యూరిన్ బెవాన్ మంత్రిగా 1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్య వ్యవస్థను స్థాపించాడు.

"మరి డాక్టర్ కోట్నిస్ వెళ్ళలేదా?" అని అడిగేవాళ్ళున్నారు. షోలాపూరులో పుట్టిన ద్వారకానాథ్ కోట్నిస్ 1938లో అయిదుగురు వైద్యుల బృందంతో చైనా వెళ్ళి, యుద్ధరంగంలో పనిచేసి, 1942లో ముప్ఫైరెండేళ్ళ వయసులో అక్కడే కన్నుమూశాడు. ఆయన పేరు వింటే ఇప్పటికీ మన వొళ్ళు పులకరిస్తుంది. కాని ఆయన్ని కుర్ర డాక్టర్ల వీపు మీద కొట్టే కర్రగా వాడుకోవడం ఆయనకే అవమానం. కోట్నిస్ వెళ్ళింది ఒంటరిగా కాదు. ఆయన వెనక వలస పాలనతో పోరాడుతున్న ఒక జాతి వుంది. ఆయన ముందు విముక్తి కోసం పోరాడుతున్న ఇంకొక జాతి వుంది. అక్కడ ఆయన ఆసుపత్రి నడిపాడు, కొత్త వైద్యులకు పాఠాలు చెప్పాడు. చుట్టూ వున్న జనం ఆయన్ని తమ మనిషి అనుకున్నారు. మన కుర్ర డాక్టరును బాండు రాయించుకుని, గది చూపకుండా, గురువును ఇవ్వకుండా, మందులు లేని చోటికి తోసి, కోట్నిస్ కమ్మంటే ఎలా అవుతాడు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డాక్టర్ల కొరత తీరడం కోసం మాత్రమే ఉద్దానానికి శిక్షణ వైద్యులు కావాలని నేను అనడం లేదు. ఉద్దానం రోగానికి కారణం తెలియాలన్నా వాళ్ళే కావాలి. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోరు అనే చిన్న దేశం వుంది. 1990ల చివర రాజధానిలోని రొసాలెస్ ఆసుపత్రిలో శిక్షణలో వున్న రామోన్ గార్సియా త్రబానినో అనే యువ వైద్యుడికి ఒక సందేహం వచ్చింది: మూత్రపిండాలు పాడైన మగవాళ్ళు ఇంతమంది ఎందుకు వస్తున్నారు? వచ్చినవాళ్ళను వూరేదని అడిగాడు, పని ఏమిటని అడిగాడు. 2002లో ఆయనా, సహచరులూ 205 మంది రోగుల వివరాలు ప్రచురించారు. మూడింట రెండు వంతుల మందికి మధుమేహం వంటి తెలిసిన కారణాలు లేవు. వాళ్ళలో ఎక్కువమంది కోస్తా ప్రాంతపు వ్యవసాయ కూలీలు. చెరకుతోటల కార్మికులను చంపుతున్న రోగం ప్రపంచం కంట పడటానికి ఆ లెక్క తోడ్పడింది. దాన్ని పట్టుకున్నది పెద్ద యంత్రం కాదు. రోగి పక్కన కూర్చుని ప్రశ్న అడగడానికి తీరిక వున్న ఒక కుర్ర డాక్టరు.

ఆ తీరిక మనం ఎవరికి ఇచ్చాం? హవుస్ సర్జను ఏడాదిలో సామాజిక వైద్యానికి 12 వారాలు కేటాయించాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. పి.జి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచెయ్యాలని ఇంకొక నిబంధన వుంది. కాగితం మీద చూస్తే ఇంతకంటే కావలసింది లేదు. 1946లో భోర్ కమిటీ కోరిన "సామాజిక వైద్యుడు" వచ్చేసినట్టే. ఆచరణలో చాలాచోట్ల ఆ 12 వారాలు సంతకాల పుస్తకంలో గడుస్తాయి. పిల్లలు ఆ వారాల్ని పై చదువుల ప్రవేశపరీక్షకు చదువుకోవడానికి వాడుకుంటారు. పంపించే వాళ్ళకూ అది తెలుసు. పలాసలోనో టెక్కలిలోనో దింపినా, పక్కన నిలబడి "ఈ రోగిని ఇలా చూడు" అని నేర్పే గురువు లేకపోతే వాళ్ళు నేర్చుకునేది ఒకటే విద్య: విశాఖ కె.జి.హెచ్.కు చీటీ రాయడం. ఇచ్ఛాపురం వైపు వాళ్ళను బరంపురం పొమ్మనడం. "ఏటి బాబూ, ఈ రోగానికి మందు నేదా?" అని సోంపేట ముసలాయన అడిగితే కడప కుర్రాడికి ఆ యాస సగమే అర్థమవుతుంది. ఆ సగానికి కూడా అతని ఇంగ్లీషు పుస్తకంలో జవాబు లేదు.

శిక్షణలో వున్న మిత్రులకు కూడా ఒక మాట చెప్పాలి. మీ బాధలు నిజం. కాని మీ సంఘాల కోరికల జాబితాలో స్టైపెండు మొదట వుంటుంది, చాలాసార్లు చివరా అదే వుంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్రియాటినిన్ పరీక్ష వుండాలని మీరు ఎన్నిసార్లు సమ్మె నోటీసులో రాశారు? ఖాళీగా వున్న నర్సు ఉద్యోగాల్ని నింపాలని ఎన్నిసార్లు అడిగారు? శ్రీకాకుళాన్ని మీలో చాలామంది రైలు మారే జంక్షనులా చూస్తారు. పుస్తకం విశాఖ కోచింగుది, కన్ను హైదరాబాదు కార్పొరేటు ఆసుపత్రిది. ఈ మధ్యతరగతి కల మీకు మీరు కన్నది కాదు, ఇంటర్మీడియేటు నాటి నుంచీ మీ చేత కనిపించినది. అయినా దాన్ని వదిలించుకునే బాధ్యత మీదే. జీడి కార్ఖానాలో కాల్చిన పిక్కల వేడి ముందు కూర్చున్న మనిషీ, డ్యూటీ గదిలో ముప్ఫయ్యో గంట మేలుకుని వున్న మనిషీ ఒకే రకం లెక్కలో నలుగుతున్నారని మీకు అర్థమైన రోజున రోగి బంధువు మీ మీదికి చెయ్యెత్తడు. మీ శిబిరానికి మజ్జిగ తెస్తాడు.

ఇంతలో పాలకులు వెళుతున్న దారి చూడండి. 2023లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుస్తూనే, వాటి సీట్లలో సగాన్ని ఏడాదికి 12 లక్షలకూ, 20 లక్షలకూ అమ్మడానికి ఉత్తర్వులిచ్చారు. ప్రభుత్వం మారింది. 2025లో కొత్త ప్రభుత్వం పది కళాశాలల్ని ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం పేరుతో ప్రైవేటు వాళ్ళకు అప్పగించడానికి నిర్ణయించింది. ఆ పదింటిలో మన పొరుగున వున్న పార్వతీపురం కూడా వుంది. రెండు పార్టీలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి. సీటు ఒక సరుకు అన్న దగ్గర మాత్రం రెంటికీ తేడా లేదు. సీటుకు అరవై లక్షలో కోటి రూపాయలో పోసి బయటికి వచ్చినవాడు ఉద్దానంలో కూలివాడి నాడి పట్టుకోవాలని ఆశించడం, వడ్డీవ్యాపారి దగ్గర ధర్మం ఆశించడం వంటిదే. ఆ డబ్బు ఎక్కడ తిరిగి వస్తుందో అక్కడికే అతను పోతాడు. అప్పుడు మళ్ళీ "డాక్టర్లు రారు" అనవచ్చు.

కాబట్టి మనం అడగవలసింది స్పష్టంగా అడగాలి. పలాస ఆసుపత్రి పూర్తి స్థాయి బోధనాసుపత్రిగా నడవాలి. అక్కడ నివాసం వుండి నేర్పే గురువులు కావాలి, పి.జి. సీట్లు కావాలి. పోస్టింగు ఉత్తర్వు కంటే ముందు గది తాళంచెవి చేతికి రావాలి. పలాసలో, టెక్కలిలో, సోంపేటలో శిక్షణ వైద్యులకు ప్రభుత్వమే వసతి కట్టాలి. అక్కడ "మీరేటోళ్ళు" అన్న ప్రశ్న వుండకూడదు. ఆడపిల్లల డ్యూటీ గదికి గొళ్ళెం వుండాలి, దారిలో దీపం వుండాలి. పనిగంటలు అంకెల్లో రాసి వార్డు గోడకు అంటించాలి. స్టైపెండు అద్దె కట్టే తారీఖు కంటే ముందు రావాలి. హవుస్ సర్జను 12 వారాలూ ఉద్దానం పల్లెల్లో గడపాలి. ప్రతి బృందమూ కొన్ని గడపలు పంచుకుని, ఎవరికి రోగం వుంది, ఏ నీళ్ళు తాగుతున్నారు, ఎండలో ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, ఏ మాత్రలు మింగుతున్నారు అన్నది పుస్తకంలో రాసి, తర్వాతి బృందానికి అప్పగించాలి. పదేళ్ళు అలా రాస్తే ఉద్దానం రోగానికి కారణం వెతికేవాళ్ళకు అంతకంటే పెద్ద ఆస్తి వుండదు.

ఇవేవీ విప్లవం వచ్చే దాకా ఆగవలసిన కోరికలు కావు. ఇప్పుడున్న చట్టాల్లో, ఇప్పుడున్న బడ్జెట్లలో చెయ్యగలిగినవే. చెయ్యకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు. ఉద్దానం కూలివాడి ప్రాణానికి విలువ కట్టేవాళ్ళే కుర్ర డాక్టరు శ్రమకూ విలువ కడుతున్నారు, రెంటికీ తక్కువే కడుతున్నారు. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ కోరికల్ని తమవి చేసుకోవాలి. కాలేజీ గేటు దగ్గర హవుస్ సర్జన్లు టెంటు వేసుకుని కూర్చున్నప్పుడు పక్కన కవిటి రైతు, పలాస జీడి కార్మికురాలు, టెక్కలి కాలేజీ విద్యార్థి కూర్చున్న రోజున "డాక్టర్లు రారు" అన్న సామెత చెప్పేవాళ్ళు వేరే సామెత వెతుక్కోవలసి వస్తుంది.